జెండాకి వెనక వైపు

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో ఖద్దరు జెండా ఒకటి దొరికింది. పైన కాషాయం, మధ్య తెలుపు, కింద ఆకుపచ్చ. తెలుపు మీద నీలం రాట్నం. చెన్నై కోట మ్యూజియంలో చూసిన 1947 జెండా మీద మాత్రం చక్రం ఉంది. మాది ఏ కాలానిది? రాట్నం ఎందుకు తీసేశారు?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: రంగుల వరుస రాశారు కనక సగం పని అయిపోయిందమ్మా. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి చూపించిన నమూనా నుంచి వచ్చిన జెండాలో పైన తెలుపు, మధ్య ఆకుపచ్చ, కింద ఎరుపు. రాట్నం మూడు పట్టీల మీదా పరుచుకుని ఉండేది. మీరు చెప్పిన వరుసని కాంగ్రెస్ ఒప్పుకున్నది 1931లో. మీది అంతకన్నా పాతదయ్యే అవకాశం లేదు.

ఇక రాట్నం సంగతి. నేవీలో సిగ్నల్స్ పని చేసినవాణ్ణి, జెండా అనగానే దాని వెనక వైపు ఎలా ఉంటుందా అని చూస్తాను. ఓడ మీద గాలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, ఎదుటివాడికి ఏ వైపు కనపడుతుందో మన చేతిలో లేదు. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు. వెనక నుంచి చూస్తే కదురు అటుది ఇటు వచ్చేస్తుంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో తీర్మానం పెడుతూ నెహ్రూగారు ఈ ఇబ్బందే చెప్పారు. సారనాథ్ స్తంభం మీది చక్రానికి ఆ బెడద లేదు, 24 ఆకులూ ఎటు చూసినా ఒకటే. అశోకుడి గురించీ అక్కడ మాట్లాడారనుకోండి, అది బడిలోనే చదివేసి ఉంటారు.

మీరు చూసిన కోట జెండా పట్టుది, సుమారు 12 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు. అప్పటికి మన వైజాగ్ మద్రాసు రాష్ట్రంలోదే, కాబట్టి అందులో మనకీ వాటా ఉంది! దాన్ని గాలి చొరని అద్దాల పెట్టెలో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పెట్టి కాపాడుతున్నారు.

మన ఉప్పుగాలిలో మీరూ జాగ్రత్త పడాలి. ఉతకొద్దు, ఇస్త్రీ అసలొద్దు. మడతపెడితే ఆ గీత దగ్గరే నేత తెగుతుంది. లావుపాటి గొట్టానికి గంజిలేని తెల్లటి నూలుగుడ్డ చుట్టి, దాని మీద జెండాని వదులుగా చుట్టండి. కలరా ఉండలు గుడ్డకి తగలనివ్వొద్దు. ఫ్రేము కట్టించి కిటికీకి ఎదురుగా పెడితే రంగులు వెలిసిపోతాయి.

తాడు దూర్చే అంచు ఫొటో ఒకటి పంపండి. కుట్టు చేతిదా మిషనుదా, రాట్నం అద్దిందా కత్తిరించి కుట్టిందా చూడాలి. లోపల పాత తాడు ముక్క ఉంటే లాగేయకండి.