స్కీ ర్యాకు ఊడి గోడ పాడైతే డిపాజిట్‌లో ఎంత కోయొచ్చు?

ప్రశ్న: వాషింగ్టన్ రాష్ట్రం, రెడ్‌మండ్‌లో రెండేళ్లు అద్దెకున్నాం. హాలు గోడకు రెండు స్కీ ర్యాకులు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు తగిలించే చట్రాలు బిగించాను. ఒకటి గోడ లోపలి కర్రకు, అంటే స్టడ్‌కు, స్క్రూలతో గట్టిగా నిలిచింది. స్టడ్ లేని చోట స్క్రూ పట్టుకోవడానికి గోడలో దింపే ప్లాస్టిక్ యాంకర్లతో బిగించిన రెండోది స్కీలతో సహా ఊడిపడి అరచేయంత గుంత పడింది. కింద కార్పెట్ మీద మరక కూడా ఉంది. గోడకు చిల్లులు పెట్టొద్దని లీజులో రాసుంది. ఖాళీ చేసిన 24వ రోజున ఓనరు 2,200 డాలర్ల డిపాజిట్‌లో 770 తిరిగి పంపారు. "గోడ మరమ్మతు, హాలంతా పెయింట్ 1,150, కార్పెట్ క్లీనింగ్ 280" అని కాగితం జత చేశారు. బిల్లులేవీ లేవు. మిగతాది అడగొచ్చా?

జవాబు: తప్పకుండా అడగొచ్చు. లీజుకు విరుద్ధంగా చిల్లులు పెట్టారు కాబట్టి డిపాజిట్ మీద ఆశ వదులుకోవాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ గుంత మాత్రం మామూలు వాడకంలో వచ్చే అరుగుదల కాదు, మీ వల్ల జరిగిన నష్టమే. దాన్ని కాదనకండి. కానీ ఆ నష్టానికి ఎంత తీసుకోవచ్చో, ఎలా చూపాలో చట్టం ఓనరుకు కట్టుబాట్లు పెట్టింది.

ముందు మీరు ఇంట్లో చేరిన రోజు కాగితాలు తీయండి. గోడలు, కార్పెట్ ఎలా ఉన్నాయో రాసి, ఇద్దరూ సంతకం చేసిన చెక్‌లిస్టు ఉందా? అది ఇవ్వకుండా డిపాజిట్ తీసుకుంటే ఆ మొత్తానికి ఓనరే బాధ్యుడని ఆర్‌సీడబ్ల్యూ (వాషింగ్టన్ రాష్ట్ర చట్టాల సంపుటి) సెక్షన్ 59.18.260 చెబుతోంది. లేదని తేలితే మీకు ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

ఉంటే, అసలు విషయం 59.18.280లో ఉంది. ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లో ఓనరు కోత వివరాలు, మిగిలిన డబ్బు పంపాలి. 2023 సవరణకు ముందు ఈ గడువు 21 రోజులు. ఆ సవరణతోనే ఇంకో షరతు వచ్చింది: నష్టానికి కోసేటప్పుడు చెల్లించిన బిల్లులు గానీ, పనివాళ్లిచ్చిన అంచనాలు గానీ జతచేయాలి. సొంత మనుషులతో చేయిస్తే ఎన్ని గంటలు పట్టింది, గంటకు ఎంత అన్నది రాయాలి, సామాను కొన్న రసీదులు పెట్టాలి. మీ ఓనరు రోజుల లెక్క తప్పలేదు గానీ కాగితాలు పెట్టలేదు. 30 రోజులు దాటినా అవి రాకపోతే డిపాజిట్ మొత్తానికీ ఆయనే బాధ్యుడు. తన చేతిలో లేని కారణం ఏదైనా చూపగలిగితే తప్ప, కోర్టులో ఆ కోతను సమర్థించుకునే అవకాశం కూడా పోతుంది. కావాలనే ఇవ్వలేదని తేలితే డిపాజిట్‌కు రెండింతల వరకు ఇప్పించే అధికారం జడ్జికి ఉంది.

బిల్లులు పెట్టినా హాలంతటికీ పెయింట్ ఖర్చు మీ మీద వేయడం కుదరదు. పాడైన భాగం వరకే వసూలు చేయాలని అదే సెక్షన్ అంటోంది. మీ గుంతకు కావలసింది కొత్త డ్రైవాల్ (గోడకు వాడే జిప్సం పలక) ముక్క, అతుకుల మీద టేపు, దాన్ని కప్పే కాంపౌండ్ ముద్ద రెండు మూడు పూతలు, ప్రైమర్, రంగు. స్టడ్‌లో స్క్రూలు దిగిన చిల్లులకైతే చిల్లులు పూడ్చే స్పాకిల్ ముద్ద కాస్త చాలు. కార్పెట్ క్లీనింగ్‌కు కూడా మామూలు అరుగుదలను మించితేనే డబ్బు తీసుకోవాలి. వట్టి తడి మరకైతే అభ్యంతరం చెప్పండి. స్కీ అంచుల తుప్పు దిగి గోధుమ రంగు మరక పడి ఉంటే ఆ వాదన నిలవడం కష్టం.

770 డాలర్ల చెక్కు ఇంకా బ్యాంకులో వేయకపోతే, దాని మీద గానీ వెంట వచ్చిన కాగితంలో గానీ "ఇంతటితో పూర్తి పరిష్కారం" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే అక్కడి లాయరుకు చూపించాకే వేయండి.

తర్వాత ఒక పేజీ ఉత్తరం రాయండి. ఖాళీ చేసిన తేదీ, డిపాజిట్ మొత్తం, కోత వివరాలు అందిన తేదీ, బిల్లులు లేవన్న సంగతి, సెక్షన్ నంబరు, మీకు రావలసిన 1,430 డాలర్లు, చెల్లించడానికి 14 రోజుల గడువు, మీ ఇప్పటి చిరునామా అందులో ఉండాలి. ఫొటోలు జతచేసి, పంపినట్టు రుజువుండే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి, ఈమెయిల్ కూడా పెట్టండి. గుంత పూడ్చిన ఖర్చు మాత్రం తీసుకుని మిగతాది ఇస్తానంటే ఒప్పుకోవడమే మంచిదని నా సలహా. మొండికేస్తే రెడ్‌మండ్ ఉన్న కింగ్ కౌంటీ డిస్ట్రిక్ట్ కోర్టులో స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల దావా వేయండి. వ్యక్తులకు అక్కడ పరిమితి 10,000 డాలర్లు. జడ్జి అనుమతి లేకుండా లాయర్లు వాదించరు కాబట్టి మీరే మాట్లాడుకోవచ్చు.

కొత్త ఇంట్లో గోడకు తగిలించాలంటే ముందు ఓనరు అనుమతి ఈమెయిల్‌లో తీసుకోండి. బూట్లను పట్టి ఉంచే బైండింగులతో ఒక జత స్కీలు 5, 6 కిలోలుంటాయి. బూట్లు ఇంకో 3, 4 కిలోలు. బూట్లతో కలిపి నాలుగు జతలంటే 32 కిలోలకు తగ్గదు. సాధారణంగా అరంగుళం మందమే ఉండే డ్రైవాల్‌లో ప్లాస్టిక్ యాంకరు, స్కీలు తీసి పెట్టిన ప్రతిసారీ బయటికి లాగినట్టయి వదులవుతుంది. స్టడ్‌లు ఎక్కువగా 16 అంగుళాలకొకటి ఉంటాయి, వాటికే బిగించండి. అనుమతి రాకపోతే నేల మీద నిలబడే స్టాండు కొనుక్కోండి. స్కీలు తుడిచి ఆరాకే పెట్టి, కింద ట్రే ఉంచండి. వరండా దారిలో పెడితే అగ్నిప్రమాదమప్పుడు అడ్డమని నోటీసు వస్తుంది. గ్యారేజీలో పైనున్న, మంటలార్పడానికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ పైపుకు మాత్రం ఒక్క జత కూడా వేలాడదీయకండి. ఫైర్ కోడ్ ఒప్పుకోదు. ఆ పైపు అతుకు వదిలితే నీళ్లకు పక్కవాళ్ల సామాను కూడా పాడై, ఆ నష్టమూ మీ మెడకే చుట్టుకుంటుంది.