సమాధానం: హైరింగ్ మేనేజర్లకు మెసేజ్ పెట్టినా జవాబు రావట్లేదు

లోపం మీ రెజ్యూమేలో కాదు, మెసేజ్‌లో ఉన్నట్టుంది. హైరింగ్ మేనేజర్లకు, అంటే ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చేవాళ్లకు, మీరు "మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే చెప్పగలరు" అని రాశారు. అంటే మీకు సరిపోయే ఉద్యోగం వాళ్లే వెతికిపెట్టాలి. అంత తీరిక వాళ్లకు ఉండదు.

1. ముందు కంపెనీ సైట్‌లో అప్లై చేసి, జాబ్ ఐడీ రాసిపెట్టుకోండి.

2. ఆ టీమ్‌ను నడిపే మనిషికే రాయండి. ప్రకటనలో ఎవరికి రిపోర్ట్ చేయాలో ఉంటే, లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేజీ తెరిచి "పీపుల్" కింద ఆ హోదాతో వెతకండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. ప్రకటనలో అడిగిన ఒక్క పని తీసుకుని, దాని పక్కనే మీరు చేసింది చూపించండి. ఇలా:

"ఫలానా జాబ్ ఐడీకి అప్లై చేశాను. మీరు అడిగిన పేమెంట్ రీకన్సిలియేషన్ ఇప్పుడు నేనే చూస్తున్నాను. ఎక్సెల్‌లో చేత్తో చేసే పనిని ఎస్‌క్యూఎల్‌లోకి మార్చాను. పది నిమిషాలు మాట్లాడే వీలుంటుందా?"

చదవగానే "ఈ మనిషి నా పనికి పనికొస్తాడు" అనిపించాలి. లింక్డ్‌ఇన్‌లో కనెక్ట్ రిక్వెస్ట్‌తో పాటు పంపే నోట్‌లో ఎక్కువ అక్షరాలు పట్టవు, కాబట్టి మీ చదువు, ఆశయాలు అన్నీ తీసేయండి. రెజ్యూమే అడిగితే పంపొచ్చు.

4. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. పర్సనల్ నంబర్ సంపాదించి ఫోన్ చేయడం మాత్రం వద్దండి, ఉన్న అవకాశం కూడా పోతుంది.