మిద్దెతోట ప్రశ్నలు: ఏప్రిల్‌లో టమాటా ఎందుకు ఎర్రబడదు?

ప్రశ్న: మాది విజయవాడ. మూడంతస్తుల ఇంటి మిద్దె మీద పన్నెండు కుండీల్లో టమాటా వేశాను. ఫిబ్రవరిలో కాసినవి చక్కగా ఎర్రగా పండాయి. ఏప్రిల్ వచ్చేసరికి కాయలు పసుపు, నారింజ రంగులోనే ఆగిపోతున్నాయి. తొడిమ చుట్టూ పచ్చదనం పోవడం లేదు. ఎండ తగలాలంటే ఆకులన్నీ తుంచేయమని పక్కింటావిడ అంటున్నారు. బియ్యం డబ్బాలో పెట్టమని మా అత్తయ్య అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఆకుల జోలికి పోకండమ్మా. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో మిద్దె మీద టమాటా పెంచుతున్నాను. 2019 మే నెలలో ఎవరో చెప్పారని నాలుగు మొక్కలకు ఆకులు దూసేశాను. మూడో రోజుకే కాయల మీద తెల్లటి మచ్చలు వచ్చాయి. మచ్చ ఉన్నచోట తోలు పలచబడి, అక్కడి నుంచే కుళ్లు మొదలైంది. ఎండదెబ్బ అది. ఆ నాలుగు మొక్కల కాయలూ కంపోస్టులోకే పోయాయి, ఇప్పటికీ ఆ బాధ గుర్తుంది. మట్టికి తగిలే ఆకులు, పండుటాకులు తీస్తే చాలు.

కాయ ఎర్రబడటానికి దాని మీద ఎండ పడనక్కర్లేదు, చీకటి గదిలోనూ పండుతుంది. కావలసింది తగిన వేడి. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా తయారవుతుంది. 30 దాటితే ఆ పని మందగిస్తుంది. పసుపు రంగునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. మీ కాయలు నారింజ రంగులో ఆగిపోవడానికి కారణం ఇదే. సిమెంటు మిద్దె మీద ఎండలో ఉన్న కాయ బయటి గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. మీ మొక్కల్లో లోపమేమీ లేదు.

కాబట్టి వేసవిలో కాయ చెట్టు మీదే పండాలని చూడకండి. అడుగున కాస్త రంగు తిరిగి దోరగా అవ్వగానే పొద్దున్నే కోసేయండి. ఆ దశకు వచ్చిన కాయను ఇంట్లో మాగబెడితే రుచి తగ్గదు. మీ అత్తయ్యగారి మాటలో నిజం ఉంది. మాగుతున్న కాయ నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, మూసిన డబ్బాలో అది బయటికి పోదు, కాయ త్వరగా పండుతుంది. మామిడికాయలను గడ్డిలో వేసేది కూడా ఇందుకే. కానీ ఏప్రిల్‌లో వంటగది డబ్బా కూడా వేడిగానే ఉంటుంది. పైగా ఒక్క కాయ చితికినా బియ్యం పాడవుతాయి. దానికి బదులు ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, ఒక బుట్టలో పాత పేపరు పరిచి, తొడిమ వైపు కిందికి ఉండేలా ఒకే వరుసలో పేర్చండి. మధ్యలో ఒక పండిన అరటిపండు పెట్టి, పైన ఇంకో పేపరు కప్పండి. దోరకాయలు నాలుగైదు రోజుల్లో ఎర్రబడతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, పండటం ఆగిపోతుంది, వాసన, రుచి రెండూ పోతాయి. కార్బైడ్ పొడి ఎవరిచ్చినా వద్దనండి. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడటం మన దేశంలో నిషేధం.

పూర్తి పచ్చికాయలు పండుతాయా అనే అనుమానం వస్తే ఒకటి కోసి చూడండి. గింజలు కత్తికి తెగకుండా జిగురులో జారిపోతే అవి ముదిరిన కాయలు, పండుతాయి. గింజలు తెగితే ఎన్నాళ్లుంచినా పండవు, నువ్వులు వేసి పచ్చడి చేసుకోండి.

మే నెలలో పూత రాలుతుంది. ఆ వేడికి పుప్పొడి పనిచేయదు, మందు కొట్టినా పెద్దగా లాభం ఉండదు. షేడ్ నెట్ కట్టి మొక్కను బతికించుకోండి. అక్టోబరు మొదట్లో నారు పోసి, నెల తర్వాత కుండీల్లోకి మార్చండి, సంక్రాంతి దాటేసరికి ఎర్రటి కాయలు కోస్తారు.

ప్రశ్న: మా టమాటా కాయల అడుగున నల్లగా, తోలులా మచ్చ పడుతోంది. కోడిగుడ్డు పెంకుల పొడి వేసినా తగ్గలేదు.
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా నీళ్లతోపాటే అది పైకి ఎక్కాలి. ఒకరోజు కుండీ ఎండిపోయి, మర్నాడు నిండా పోస్తే కాయ దాకా చేరదు. పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. రోజూ ఒకే వేళకు నీళ్లు పోయండి, మట్టి మీద ఎండుటాకులు కప్పండి. మచ్చ పడిన కాయలు తీసేయండి. తర్వాత వచ్చే పిందెలకు ఈ మచ్చలు తగ్గుతాయి.