ఫింగోలిమాడ్ ఇచ్చాక టీ కణాలు చచ్చిపోయాయా?

ఎలుకలకు ఫింగోలిమాడ్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకు వాడే మందు) ఇచ్చిన మర్నాటికి రక్తంలో టీ కణాలు (రోగనిరోధక తెల్లకణాలు) దాదాపు మాయమయ్యాయనీ, లింఫ్ గ్రంథుల్లో లెక్క మాత్రం పెరగలేదనీ, అంటే మందే చంపేస్తోందేమోననీ కదండీ మీ అనుమానం? టెన్షన్ పడకండి. అవి చావలేదు, బయటికి రాలేకపోతున్నాయి.

టీ కణం రక్తం నుంచి గ్రంథిలోకి దూరడానికి దాని పైనుండే ఎల్-సెలెక్టిన్, సీసీఆర్7 అనే ప్రోటీన్లు కావాలి. బయటపడాలంటే ఎస్1పీని పసిగట్టే ఎస్1పీఆర్1 అనే గ్రాహకం ఉండాలి. ఎస్1పీ అనే కొవ్వు పదార్థం రక్తంలోనూ, గ్రంథుల గుండా పారే ద్రవమైన లింఫ్‌లోనూ ఎక్కువ, గ్రంథి కణజాలంలో చాలా తక్కువ. ఎక్కువున్న వైపుకు పోవడమే కణం పని. మీ మందు ఒంట్లో ఫాస్ఫేట్ తగిలించుకుని ఎస్1పీఆర్1ను పట్టుకుంటుంది. దాంతో ఆ గ్రాహకం కణం లోపలికి పోయి నాశనమవుతుంది. ఇక దారి తెలిసేదెలా?

మరి గ్రంథుల్లో లెక్క పెరగలేదేం అంటారా? చాలామంది తడబడేది ఇక్కడే. ఒంట్లో మొత్తం లింఫోసైట్లలో (టీ కణాలు ఈ రకం తెల్లకణాలే) రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. అవన్నీ వచ్చి చేరినా మీ కౌంట్‌లో తేడా తెలియదు.

తేల్చుకోవాలంటే మందు ఇచ్చిన గుంపుకీ ఇవ్వని గుంపుకీ ఎల్-సెలెక్టిన్‌ను అడ్డుకునే మెల్-14 యాంటీబాడీ ఇవ్వండి. కొత్త కణాలు లోపలికి రావడం ఆగుతుంది. మర్నాటికి మందు లేని గుంపులో గ్రంథులు పలచబడాలి, మందున్న గుంపులో నిండుగా ఉండాలి. పనిలో పనిగా చచ్చిన కణాలను పట్టే రంగు కూడా వాడండి, మీ గైడ్ తప్పక అడుగుతారు. ఒక్కటి చూసుకోండి: ఫ్లో సైటోమెట్రీలో (కణాలకు రంగు యాంటీబాడీ అంటించి లెక్కపెట్టే పద్ధతి) ఎల్-సెలెక్టిన్‌కే మరో పేరైన సీడీ62ఎల్‌కి మళ్లీ మెల్-14 యాంటీబాడీనే వాడితే సరిగా అంటదు, ముందిచ్చిన యాంటీబాడీ ఆ చోటును కప్పేసి ఉంటుంది.