ప్లేస్‌మెంట్ శాతం కాదు, తేడా అడుగు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గిండీ ఆఫీసులో చేరగానే నీ నెత్తిన పెట్టిన మొదటి పని స్కిల్ ట్రైనింగ్ ఫలితాలు లెక్కగట్టడమని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫైలు కూడా చూశాను. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ప్లేస్‌మెంట్ శాతం కనిపించింది. దాన్ని నమ్మొచ్చా అని అడిగావు. ఇళ్ల చుట్టూ తిరిగి జనాన్ని ప్రశ్నలు అడిగే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త ఎక్కువే మాట్లాడాలనిపిస్తుంది. ఓపిగ్గా చదువు.

ముందు ఆ శాతం కింద ఏ అంకె ఉందో, అంటే ఎంతమందిలో లెక్కగట్టారో చూడు. పై అంకె గురించి అందరూ పోట్లాడతారు, కింది అంకె జోలికి ఎవరూ పోరు. మాయ జరిగేది మాత్రం అక్కడే. ట్రైనింగుకి జనాన్ని పోగేసే మొబిలైజర్ ఊళ్లో పేరు రాసుకున్నవాళ్లు, సెంటర్‌లో చేరినవాళ్లు, చివరిదాకా ఉన్నవాళ్లు, అసెస్‌మెంట్‌కి కూర్చున్నవాళ్లు, సర్టిఫికెట్ అందుకున్నవాళ్లు. ఇవన్నీ వేర్వేరు సంఖ్యలు. వందమంది చేరారనుకో, అరవై మంది సర్టిఫికెట్ తీసుకున్నారు, నలభై ఐదు మందికి ఉద్యోగం వచ్చింది. దీన్ని డెబ్బై ఐదు శాతం అనీ రాయొచ్చు, నలభై ఐదు శాతం అనీ రాయొచ్చు. రెండూ అబద్ధాలు కావు. నువ్వు మాత్రం చేరినవాళ్లనే కింద పెట్టు. సర్కారు ఖర్చు మొదలయ్యేది వాళ్లు చేరిన రోజు నుంచే కదా.

ఆ తర్వాత, ఉద్యోగం అని దేన్ని అంటున్నారో చూడు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. అదీ మూడు నెలలు నిలబడి, జీతం ఆధారాలు ఉంటేనే లెక్కలోకి వస్తుంది. 2015 జూలైలో వచ్చిన ప్రధాన మంత్రి కౌశల్ వికాస్ యోజన దారి వేరు. దాని రెండో దశలో ట్రైనింగ్ సంస్థకి 30 శాతం డబ్బు బ్యాచ్ మొదలయ్యాక, 50 శాతం సర్టిఫికెట్లయ్యాక, మిగతా 20 శాతం ప్లేస్‌మెంట్ చూపించాక ఇచ్చేవారు. అంటే ఒక్కరికీ ఉద్యోగం రాకపోయినా ఎనభై శాతం చేతిలో పడుతుంది. నాలుగో దశకొచ్చేసరికి ప్లేస్‌మెంట్‌తో ముడే తీసేశారు. అభ్యర్థి తన దారి తను ఎంచుకోవాలన్నది వాళ్లు చెప్పే కారణం. సబబే కావచ్చు, కానీ ముడితో పాటు కొలత కూడా పోయింది. అందుకే వేర్వేరు పథకాల శాతాలు, ఒకే పథకంలో వేర్వేరు దశల శాతాలు పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాయకు.

2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చదివావా? లేకపోతే ఈ వారమే చదువు. ఈ కౌశల్ వికాస్ యోజన రికార్డులు తిరగేస్తే 94 శాతానికి పైగా పేర్ల ఎదుట బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో, వర్తించదనో ఉందట. నీకొచ్చిన ఎక్సెల్ షీటు కూడా ఆ తాను ముక్కేనేమో అనుకుని మొదలుపెట్టు. ఫోన్ నంబర్ల కాలమ్‌ని సార్ట్ చెయ్. ఒకే నంబరు ఇరవై పేర్ల పక్కన కనిపిస్తే అది మొబిలైజర్‌దో సెంటర్ ఇన్‌చార్జిదో అయి ఉంటుంది. పది నిమిషాల పని, సగం సంగతి తేలిపోతుంది.

ఇదంతా అంకెల శుభ్రత. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ నలభై ఐదు మందికీ ట్రైనింగ్ వల్లే ఉద్యోగం వచ్చిందా? శ్రీపెరంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీలు ప్లస్ టూ, ఐటీఐ పిల్లల్ని బస్సులు పెట్టి మరీ తీసుకెళ్తున్నాయి. టీనగర్ బట్టల షాపుల్లో సేల్స్ పనికి సర్టిఫికెట్ అడిగేవాడెవడు? ట్రైనింగ్ లేకపోయినా వీళ్లలో ఎంతమంది అక్కడే తేలేవాళ్లు? ఆ తేడానే నువ్వు కొలవాలి. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ 2017లో వర్ధమాన దేశాల్లో జరిగిన ఇలాంటి అధ్యయనాలు పోగేసి చూశాడు. నూరు మందికి వృత్తి శిక్షణ ఇస్తే, అది లేకుంటే ఉద్యోగం వచ్చేది కాదు అనదగ్గవాళ్లు సగటున ఇద్దరు ముగ్గురే తేలారు. డెబ్బై ఐదు ఎక్కడ, రెండు మూడు ఎక్కడ! ట్రైనింగులు దండగ అని దీని అర్థం కాదు. అవి కొన్నిచోట్ల బాగా పనిచేస్తాయి, కొన్నిచోట్ల అసలు చేయవు. ప్లేస్‌మెంట్ శాతం చూస్తే ఏది ఏదో తెలియదు.

చేరడానికి ముందు సంపాదన, తర్వాత సంపాదన తీసుకుని తీసివేస్తే సరిపోదా అని మీ సార్ అంటాడు. సరిపోదని ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1978లోనే చూపించాడు. జనం ట్రైనింగుకి వచ్చేది చాలాసార్లు పని పోయినప్పుడో, ఆదాయం పడిపోయినప్పుడో. కాబట్టి చేరే ముందు ఏడాది సంపాదన వాళ్ల మామూలు సంపాదన కన్నా తక్కువగా ఉంటుంది. ఏ ట్రైనింగూ లేకపోయినా అది కొంత పైకి లేస్తుంది. ఆ లేచినదంతా ట్రైనింగ్ ఖాతాలో వేయడం, జ్వరం దానంతటదే తగ్గాక తాయెత్తుకి దండం పెట్టడం లాంటిది.

కొద్ది వారాల్లో ఉద్యోగం చూపిస్తే డబ్బు అన్నచోట ఇంకో తంటా ఉంది. ఎలాగూ ఉద్యోగం దొరికే చురుకైన కుర్రాణ్ణే సెంటర్ ఏరుకుంటుంది. అమెరికాలో 1980లలో నడిచిన జేటీపీఏ అనే సర్కారు ట్రైనింగులని, ఎవరికి ఇవ్వాలో లాటరీ తీసి పరీక్షించినప్పుడు, ఇరవై రెండేళ్లు, ఆపైన వయసున్న ఆడవాళ్ల సంపాదన పెరిగింది, చదువు మానేసిన మగపిల్లలకి ఏమీ కలిసిరాలేదు. ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన తోటివారు ఆ లెక్కలనే మళ్లీ చూస్తే తొలి వారాల ప్లేస్‌మెంట్ అంకెలకీ, తర్వాత తేలిన అసలు లాభానికీ పొంతనే కనిపించలేదు. ఈ ఒక్క సంగతి మీ సార్‌కి అర్థమయ్యేలా చెప్పగలిగితే నీ పని సగం అయినట్టే.

మరి తేడా ఎలా పట్టుకోవాలి? సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువొచ్చిన సెంటర్లు వెతుకు. అర్హులందరి పేర్లతో చీటీలు తీయించగలిగితే అంతకన్నా మంచి దారి లేదు. చీటీ రానివాళ్లకి అన్యాయం కదా అని ఎవరైనా అంటే, ఇప్పుడు సీట్లు ఎవరి సిఫారసు మీద దక్కుతున్నాయో అడుగు. ఢిల్లీ బస్తీల్లో ఆడవాళ్లకి కుట్టు శిక్షణ ఇచ్చినప్పుడు పుష్కర్ మైత్ర, సుభా మణి అనే ఆర్థికవేత్తలు ఇలాగే చేసి, ఏడాదిన్నర దాకా శిక్షణ దొరికినవాళ్ల వెంటా, దొరకనివాళ్ల వెంటా ఉన్నారు. శిక్షణ దొరికినవాళ్ల ఉపాధి, సంపాదన నిజంగానే మెరుగయ్యాయి. ఈ పద్ధతి నేర్చుకోవడానికి నువ్వు దూరం పోనక్కర్లేదు. ఇలాంటి చీటీల అధ్యయనాలు చేసే జే-పాల్ సంస్థ దక్షిణాసియా విభాగం మొదలైంది మన ఊళ్లోని ఐఎఫ్ఎంఆర్ అనే విద్యా పరిశోధన సంస్థలోనే.

బ్యాచ్ ఇప్పటికే అయిపోయి ఉంటే వెయిటింగ్ లిస్టులో మిగిలినవాళ్లని పట్టుకో. అది చీటీ అంత గట్టిది కాదు, ఆ మాట రిపోర్టులో రాసెయ్. 2022 నుంచి నడుస్తున్న తమిళనాడు సర్కారు నైపుణ్య పథకం నాన్ ముదల్వన్ లాంటివాటిలో కాలేజీ పిల్లలందరికీ ఒకేసారి ఇస్తారు, పోల్చడానికి ఇవ్వనివాళ్లు దొరకడం కష్టం. అక్కడ పిల్లలు ఏం నేర్చుకున్నారో పరీక్షించి అంతవరకే రాయి. ఉద్యోగాల మీద ప్రభావం అంటూ పెద్ద మాటలు వద్దు.

ఇక నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. మనుషులు దొరకడం. చిత్తూరు, నెల్లూరు, శ్రీకాకుళం పల్లెల్లో ఆంధ్ర సర్కారు ఉపాధి శిక్షణ సంస్థ సీడాప్ ద్వారా ట్రైనింగ్ తీసుకున్న పిల్లలు కొందరు ఇక్కడికి పనికొస్తారు. కొందరు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో చేరి సూళ్లూరుపేటలో గది తీసుకుంటారు. ఆరు నెలలయ్యేసరికి సగం నంబర్లు పనిచేయవు. కాబట్టి బ్యాచ్ మొదలైన వారంలోనే వెళ్లి ఒక్కొక్కరి దగ్గర నలుగురి నంబర్లు రాసుకో. వాళ్లది, అమ్మది, పెళ్లైన అక్కదో బావదో, ఊళ్లో ఎప్పుడూ కొట్లోనే కూర్చునే కిరాణా అతనిది. నాన్న నంబరు అంతగా పనికిరాదు. పనిలో ఉండి ఎత్తడు, ఎత్తినా బాగానే ఉన్నాడమ్మా అని పెట్టేస్తాడు. అమ్మలైతే ఎక్కడున్నాడు, ఏం తింటున్నాడు, పోయిన నెల ఇంటికెంత పంపాడు అన్నీ చెప్తారు. అందులో నీకు కావలసినవి రెండు మూడే ఉంటాయి, మిగతావి కూడా విను.

నైట్ షిఫ్టువాళ్లకి పొద్దున ఫోన్ చేస్తే తిట్టు తప్పదు. వీక్లీ ఆఫ్ ఏ రోజో ముందే రాసుకుని ఆ సాయంత్రం చెయ్. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లతో తెలుగువాళ్ల చేతే మాట్లాడించు. వ్యాసర్‌పాడి, కొరుక్కుపేట లాంటి ఇక్కడి పేటల్లోని తెలుగిళ్ల పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగైనా చదువు, పని అంతా తమిళంలోనే, పీఎఫ్, ఓవర్‌టైమ్ గురించి తమిళంలో అడిగితేనే తడుముకోకుండా చెప్తారు. ఏ భాషో వాళ్లనే అడగడం మేలు. సెంటర్ గదిలో కూర్చుని మాత్రం ఎవర్నీ ప్రశ్నలు అడగకు. మేమే పిలిపిస్తాం మేడమ్ అంటారు. ఎవర్ని పిలిపిస్తారో నీకు నేను చెప్పాలా?

దొరకనివాళ్లని లెక్కలోంచి తీసేయడం పెద్ద దొంగతనం. దొరికినవాళ్లు సాధారణంగా నిలదొక్కుకున్నవాళ్లు. దొరకనివాళ్లలో కొన్ని పేర్లు చీటీ తీసి, మనిషిని ఊరికి పంపి వెతికించు. ఆ బస్సు చార్జీలు బడ్జెట్లో ముందే పెట్టించు, తర్వాత అడిగితే ఇవ్వరు. ట్రైనింగ్ దొరకనివాళ్లని కూడా ఇంతే పట్టుదలగా వెతకాలి. ఒకవైపు నూటికి తొంభై మందిని, ఇంకోవైపు యాభై మందిని పట్టుకుంటే పోలిక చెడిపోతుంది.

యూఏఎన్‌తో, అంటే ఉద్యోగి పీఎఫ్ ఖాతా నంబరుతో సరిచూస్తే చాలు, ఫోన్లెందుకు అని ఈమధ్య అందరూ అంటున్నారు. యూఏఎన్ మంచి సాధనమే, చూడు. కానీ పీఎఫ్ చట్టం వర్తించేది మామూలుగా ఇరవై మంది, ఆపైన ఉన్న సంస్థలకి. మెకానిక్ షెడ్డు, బ్యూటీ పార్లర్, టైలర్ షాపు దాంట్లోకి రావు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే అమ్మాయి ఆ లెక్కలో నిరుద్యోగి. ఇంకోపక్క ఫ్యాక్టరీ కుర్రాడికి పీఎఫ్ కట్టేది కాంట్రాక్టర్. కాంట్రాక్టర్ మారితే కుర్రాడు అదే మెషిన్ దగ్గర నిలబడి ఉన్నా రికార్డులో పాత ఉద్యోగం మానేసినట్టు ఉంటుంది.

జీతం అడిగేటప్పుడు ఆఫర్ లెటర్ అంకె వద్దు. పోయిన నెల ఎన్ని రోజులు పనికెళ్లావు, బ్యాంకులో ఎంత పడింది, అందులో ఓవర్‌టైమ్ ఎంత, హాస్టల్‌కి మెస్సుకి ఎంత పోయింది అని అడుగు. ఊళ్లో అమ్మ వండిపెట్టగా వచ్చే పదివేలూ, ఇక్కడ గది అద్దె కట్టుకుంటూ తెచ్చుకునే పద్నాలుగు వేలూ దాదాపు ఒకటే అవ్వొచ్చు. ట్రైనింగ్ మీకు తృప్తినిచ్చిందా అనే ప్రశ్న కొట్టెయ్. మనవాళ్లు మొహమాటస్తులు, అందరూ అవుననే అంటారు.

పెళ్లై మానేసిన అమ్మాయిలని డ్రాపౌట్ గడిలో పడేయకు. నైట్ షిఫ్టు పడక మానేసిందా, హాస్టల్ తిండి పడక మానేసిందా, ఇంట్లోవాళ్లు రమ్మన్నారా, మళ్లీ ఏదైనా పని మొదలుపెట్టిందా అని విడివిడిగా రాసుకో.

మూడు నెలలకే లెక్క ముగించకు. డేవిడ్ కార్డ్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి 200కి పైగా అధ్యయనాలు పరిశీలిస్తే ఇలాంటి కార్యక్రమాల ప్రభావం మొదటి ఏడాదిలో దాదాపు కనిపించలేదు, రెండు మూడేళ్లకే బయటపడింది. ఆరో నెల, పద్దెనిమిదో నెల తప్పనిసరిగా పెట్టు. మూడో ఏడాదికి కూడా డబ్బు మంజూరు చేయించగలిగితే నిన్ను మెచ్చుకుంటాను. ఖర్చు కూడా మనిషికింత అని కాకుండా, ట్రైనింగ్ వల్ల అదనంగా వచ్చిన ఒక్కో ఉద్యోగానికి ఎంత పడిందో చూపించు. ఆ అంకె చూసి ఆఫీసులో కొందరికి నచ్చదు. అందుకే డేటా రాకముందే ఖాళీ పట్టికలు తయారు చేసి, కింది అంకె ఏది, ఎన్ని నెలలకి ఏది కొలుస్తారో రాసి, మీ సార్ చేత సంతకం పెట్టించుకో. ఫలితాలు వచ్చాక ఆయనైనా నువ్వైనా మార్చడానికి వీలుండకూడదు.

ప్రశ్నావళి డ్రాఫ్ట్ పూర్తయ్యాక పంపు. పన్నెండు పేజీలుంటే నేను చదవను, నాలుగు పేజీలకి కుదించు. అంతకన్నా ముందు ఆ ఫోన్ నంబర్ల కాలమ్ సార్ట్ చేసి ఏం తేలిందో ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మామయ్య