ఆఫీసువాళ్లు పబ్బుకి రమ్మంటున్నారు, వెళ్లాలా వద్దా?

బర్మింగ్‌హామ్ నుంచి ఒక తమ్ముడు రాశాడు. ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైందట. శుక్రవారం సాయంత్రం కాగానే ఆఫీసువాళ్లు పబ్బుకి రమ్మంటున్నారట. తనకి మందు అలవాటు లేదు, మాంసం తినడు. అక్కడికెళ్లి ఏం చెయ్యాలో తెలియక ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్నాడు. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనని బెంగ కూడా ఉందట.

తమ్ముడూ, వెళ్లు. ఈ శుక్రవారమే వెళ్లు. నేనూ మందు తాగను. తెనాలి నుంచి ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇవాళ మా వీధి చివర పబ్బులో అడుగుపెడితే నలుగురైదుగురు పేరు పెట్టి పలకరిస్తారు. ఆ పలకరింపు సంపాదించడానికి నాకు చాలా కాలం పట్టింది, ఎందుకంటే చెప్పేవాళ్లు లేరు. నీకు అంతకాలం పట్టకూడదు.

ముందు జూబ్లీహిల్స్ పబ్బుల్ని మనసులోంచి తీసెయ్యి. చెవులు పగిలే డీజే, గుమ్మంలో బౌన్సర్లు, జంటగా వస్తేనే లోపలికి అనడం, ఇవేవీ ఇక్కడ పేటల్లో ఉండే పబ్బుల్లో ఉండవు. అరిగిపోయిన తివాచీ, చెక్క బల్లలు, ఒక బల్ల కింద ముడుచుకు పడుకున్న ఎవరిదో కుక్క, ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని గంటసేపు పేపరు చదివే పెద్దాయన. ఆదివారం మధ్యాహ్నమైతే పిల్లల్నీ నానమ్మల్నీ వెంటబెట్టుకుని కుటుంబాలు భోజనానికొస్తాయి. ఆడపిల్ల ఒక్కతే వెళ్లి కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. చెల్లెళ్లు కూడా ఇది చదువుతున్నారని తెలుసు కాబట్టి చెబుతున్నాను.

నేను వచ్చింది సెప్టెంబరులో. అక్టోబరు చివర గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఇక అక్కణ్ణుంచి సాయంత్రం నాలుగు దాటితే చీకటే. శుక్రవారం అందరూ కోట్లు వేసుకుంటూ 'వస్తున్నావా?' అని అడిగేవారు. వేరే పనుందనేదాన్ని. ఏ పనీ లేదు. బస్సెక్కి గదికెళ్లి, ఇంత అన్నం వండుకుని, గోంగూర పచ్చడి కలుపుకుని తినేదాన్ని. అప్పటికి తెనాలిలో అర్ధరాత్రి దాటిపోయేది, అమ్మకి ఫోన్ చెయ్యడానికి కూడా ఉండేది కాదు. శని, ఆదివారాలు ఎవరితోనూ మాట లేకుండా గడిచిపోతే, సోమవారం పొద్దున్న ఆఫీసులో గుడ్ మార్నింగ్ చెప్పేటప్పుడు నా గొంతు నాకే బొంగురుగా వినిపించేది. క్రిస్మస్ వచ్చేసరికి వాళ్లు అడగడం మానేశారు.

ఇక్కడివాళ్లు మనలాగా బతిమాలరు, ఇది బాగా గుర్తుపెట్టుకో. మన ఇళ్లల్లో చాలు చాలంటున్నా ఇంకో గరిటె వడ్డిస్తారు. మనం కూడా మొదట వద్దని, రెండోసారి మొహమాటపడి, మూడోసారి సరేనంటాం. వీళ్లు రెండు మూడుసార్లు పిలిచి, రాకపోతే, ఇష్టం లేదేమో, ఇబ్బంది పెట్టకూడదని ఊరుకుంటారు. అది వాళ్ల మర్యాద. పిలుపు ఆగిపోయాక గదిలో బిక్కుబిక్కుమంటూ కూర్చునేది మాత్రం మనమే. నువ్వు చెప్పే సాకులు నీకు చిన్నవిగా కనిపిస్తున్నాయి. ఇంకో రెండు చెప్పావంటే నిన్ను అడగడం ఆపేస్తారు.

కొత్త సంవత్సరంలో నేనే నోరు తెరిచి 'నేనూ రావచ్చా?' అని అడిగి వెళ్లాను. వెళ్లి బల్ల దగ్గర కూర్చుని ఆర్డరు తీసుకోవడానికి ఎవరొస్తారా అని చూస్తున్నాను. ఎవరూ రారు. మనమే బారు దగ్గరికెళ్లి, చెప్పి, డబ్బు కట్టి, గ్లాసు చేత్తో పట్టుకుని రావాలి. మాలో ఒకావిడ నాకేం కావాలో అడిగి ఆరెంజ్ జ్యూస్ తెచ్చిపెట్టింది. అది అయిపోతూండగానే ఇంకొకాయన ఇంకోటి తెచ్చాడు. మన దగ్గర పెద్దవాళ్లు బిల్లు కట్టేస్తారు కదా, ఇదీ అంతే అనుకున్నాను. బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాతి వారాల్లోనూ అదే తంతు. ఎవరూ ఒక్క మాట అనలేదు, మొహాలు కూడా మారలేదు. చివరికి రిటైర్మెంటుకి దగ్గరపడిన మా టీము పెద్దావిడ ఒకరోజు ఆఫీసు కిచెన్‌లో టీ కలుపుతూ మెల్లగా చెప్పింది: ఇక్కడ తలా ఒక రౌండు, అంటే వంతులవారీగా అందరికీ గ్లాసులు, కొనాలమ్మా, ఈసారి నువ్వు ముందుగా లేచి అడుగు అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్ని వారాలూ వాళ్లు నా గురించి ఏమనుకుని ఉంటారు? డబ్బు కోసం చూసుకునే మనిషినని అనుకోరూ? ఆ శుక్రవారం కోటు కూడా విప్పకుండా బారు దగ్గరికెళ్లి అందరికీ కొన్నాను. ఆ ట్రే బల్ల మీద పెట్టినప్పుడు వాళ్లు నాకోసం జరిగి చోటిచ్చారు. అప్పటిదాకా కుర్చీ చివర కూర్చునేదాన్ని.

కాబట్టి రౌండు సంగతి బాగా అర్థం చేసుకో. నువ్వు తాగే లైమ్ సోడా పౌండో రెండో ఉంటుంది. వాళ్ల పైంటు, అంటే పెద్ద గ్లాసు బీరు, ఐదు పౌండ్ల చుట్టూ, లండన్లో ఆరేడు కూడా ఉంటుంది. నలుగురికి కొంటే ఇరవై దగ్గరికొస్తుంది. నేను తాగేది సోడాయే కదా, వాళ్ల బీరుకి నేనెందుకు కట్టాలని లెక్కలెయ్యకు. నీకు ఉద్యోగముంది. ఒక్క రౌండు కొంటే వచ్చే వారమంతా నీతో మాట్లాడే మనుషులుంటారు. పార్ట్ టైమ్ చేసుకుంటూ చదువుకునే పిల్లల సంగతి వేరు, వాళ్లకి అది నిజంగా భారం. వాళ్లు కూర్చోకముందే 'నేను ఒక్కటి తాగి వెళ్లిపోతాను, నాది నేనే తెచ్చుకుంటాను' అనెయ్యాలి. ఎవరూ ఏమీ అనుకోరు. రెండు గ్లాసులు తెప్పించుకున్నాక చెబితేనే బాగోదు.

బారు దగ్గర లైను కనిపించదు కానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరో నిలబడ్డవాళ్లకి తెలుసు, లోపల పోసేవాళ్లకీ తెలుసు. చిటికెలెయ్యడం, కార్డు పైకెత్తి ఊపడం వద్దు. నీ వంతు రాకుండానే నిన్ను అడిగితే పక్కాయన్ని చూపించి ఆయన ముందొచ్చారని చెప్పు. ఆ చిన్న మాటకే ఆయన నీతో కబుర్లలో పడతాడు, కావాలంటే చూడు. నీ వంతు కోసం నిలబడ్డప్పుడు ఆ పొడుగాటి చెక్క పిడుల్ని గమనించు. పోసేవాళ్లు పిడిని ఒళ్లు వంచి తమవైపు లాగితే కింద సెల్లార్‌లో ఉన్న పీపాలోంచి బీరు ఎక్కి వస్తుంది. రెండు మూడు లాగుళ్లకి పైంటు నిండుతుంది, అంటే 568 మిల్లీలీటర్లు. మన దగ్గరలా ఐసులా ఉండదు, 12 డిగ్రీల దగ్గర ఇస్తారు. తాగే అలవాటున్నవాళ్లు మొదట సగం పైంటే తీసుకోండి. కొనేముందు ఒక గుక్క రుచి చూస్తామన్నా సాధారణంగా పోస్తారు. పట్టింపు ఉన్న శాకాహారులకి ఒక మాట: కొన్ని పీపా బీర్లని తేర్చడానికి చేపల తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. మందు వద్దంటే లైమ్ సోడా ఉంది, ఆల్కహాల్ లేని బీర్లు ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి. ఎందుకు తాగవని గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు తక్కువ. అడిగితే అలవాటు లేదంటే సరిపోతుంది, దేవుడి పేరూ డాక్టరు పేరూ లాగక్కర్లేదు.

తిండి దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. మెనూలో చిల్లీ అని కనిపిస్తే మన మిరపకాయ అనుకుని చెప్పెయ్యకు. చిల్లీ కాన్ కార్నే అంటే చాలావరకు గొడ్డుమాంసం కీమా. కాటేజ్ పై కూడా గొడ్డుమాంసమే, షెపర్డ్స్ పై అయితే గొర్రెమాంసం. బ్యాంగర్స్ అంటే సాసేజీలు, ఎక్కువగా పంది. బారు మీద చిప్స్ ప్యాకెట్ల పక్కన వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పంది చర్మం వేపుడు. పళ్లెంలో వేడిగా ఇచ్చే ఆలూ చిప్స్ (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి) కూడా కొన్నిచోట్ల, ముఖ్యంగా బర్మింగ్‌హామ్ పక్కనున్న మా ఈ బ్లాక్ కంట్రీలోనూ ఉత్తరాదిలోనూ, గొడ్డు కొవ్వులో వేయిస్తారు. కొన్నిచోట్ల చేపలు వేయించిన నూనే ఉంటుంది. సిగ్గుపడకుండా అడుగు. ఇక్కడ అలర్జీల భయంతో వంటింట్లో ప్రతిదానికీ లెక్క ఉంటుంది, అడిగితే చూసి చెబుతారు. తినదగ్గవి లేకపోలేదు: తొక్కతో కాల్చిన జాకెట్ పొటాటో మీద చీజూ బీన్సూ, ప్లౌమన్స్ లంచ్ అని బ్రెడ్డు, చీజు, తీపి పచ్చడి కలిపిన పళ్లెం, ఆదివారం పూట గింజపప్పులతో చేసే నట్ రోస్ట్. ఉప్పూకారం తక్కువే, ఓర్చుకోవాలి. బల్ల నంబరు చూసుకుని బారు దగ్గర చెబితే పళ్లెం వాళ్లే తెస్తారు. టిప్పు తప్పనిసరి కాదు. ఖాళీ గ్లాసులు వెళ్తూ వెళ్తూ బారు మీద పెట్టావంటే నిన్ను గుర్తుపెట్టుకుంటారు.

నువ్వుండేది బర్మింగ్‌హామ్ కాబట్టి నీకో అదృష్టముంది. స్మెథిక్, వెస్ట్ బ్రామిచ్, హ్యాండ్స్‌వర్త్ వైపు పంజాబీలు నడిపే దేసీ పబ్బులున్నాయి. ఒకపక్క పైంట్లు పోస్తుంటే ఇంకోపక్క ఇనప పళ్లెంలో రకరకాల మాంసాల మిక్స్‌డ్ గ్రిల్ సుయ్యిమంటూ వస్తుంది. పనీర్ టిక్కా, చిల్లీ పనీర్ దొరుకుతాయి, నాన్ కూడా ఉంటుంది. అక్కడ కూర్చున్నప్పుడు ఒక సంగతి తెలిసి కూర్చో. 1960ల్లో ఫౌండ్రీల్లో పనికొచ్చిన పంజాబీలకి ఇదే స్మెథిక్‌లో చాలా పబ్బులు గ్లాసు పోసేవి కావు, కొన్ని వేరే గదిలో కూర్చోబెట్టేవి. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దీనిమీద పోరాడింది. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లవాళ్ల హక్కుల నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చాడు, ఆ ఊళ్లోని ఒక పబ్బులో ఒక గదిలో ఆయనకీ పొయ్యలేదు. పబ్బుల్లాంటి చోట్ల వర్ణవివక్ష కుదరదని చట్టం వచ్చింది ఆ ఏడాదే. ఆ తర్వాత అదే పంజాబీలు ఆ పబ్బుల్నే కొన్నారు. వాళ్లు కొట్లాడి తెచ్చుకున్న కుర్చీ మనకి ఊరికే దొరికింది. దాన్ని ఖాళీగా వదిలేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మనవాళ్లం ఐదారుగురం ఒకే ఇంట్లో ఉంటున్నాం, మాకు ఒంటరితనం ఎక్కడిదక్కా అంటారు కొందరు. మీ తరానికి అన్నీ సులువే, ఫోన్‌లో అమ్మ మొహం కనిపిస్తుంది, ఆన్‌లైన్‌లో కందిపప్పు ఇంటికొస్తుంది. కానీ ఆ ఐదుగురికీ ఉద్యోగాలు వేర్వేరు ఊళ్లల్లో వస్తాయి, పెళ్లిళ్లవుతాయి, ఇల్లు ఖాళీ అవుతుంది. ఏళ్లు గడిచినా పక్కింటివాళ్ల పేరు తెలియని తెలుగువాళ్లు నాకెందరో తెలుసు. జ్వరమొస్తే మందుబిళ్లలు తెచ్చిపెట్టే మనిషి వీధిలో ఒకరుండాలి. నాకలాంటి మనిషి దొరికింది పబ్బు క్విజ్‌లో. చాలా పబ్బుల్లో వారానికో రాత్రి క్విజ్ పెడతారు, మనిషికి పౌండో రెండో. ఒంటరిగా వెళ్లి 'మీ జట్టులో చోటుందా?' అని అడిగితే చాలు. క్రికెట్ ప్రశ్నలు, దేశాల రాజధానులు మనకి కొట్టినపిండి.

రూల్స్ సంగతి టూకీగా. 18 నిండాలి. 25 లోపు కనిపిస్తే ఐడీ అడుగుతారు. ఆన్‌లైన్‌లో ఉండే ఈవీసా వచ్చాక చేతిలో వీసా కార్డు లేదు కాబట్టి ప్రొవిజనల్ (అంటే లెర్నర్) డ్రైవింగ్ లైసెన్స్ తీసిపెట్టుకో, వివరాలు ప్రభుత్వ సైటులో ఉన్నాయి. ఒక్క చుక్క తాగినా కారు తాళం ముట్టుకోవద్దు. తాగి నడిపేవాళ్లకి చట్టం పెట్టిన పరిమితి స్కాట్లాండ్‌లో ఇంగ్లండ్ కంటే ఇంకా తక్కువ.

ఇంట్లో ఏం చెప్పాలన్నావు. నువ్వు చెప్పకముందే ఎవరో పెట్టిన ఫొటో మీ పిన్ని చూస్తుంది, కాబట్టి ముందే చెప్పెయ్యి. ఆఫీసువాళ్లతో వెళ్తున్నాను, సోడా తాగుతున్నాను, చిప్స్ తింటున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పు. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు ఒక ఆదివారం మా పబ్బుకి తీసుకెళ్లాను. కాఫీ తాగింది, పక్కబల్ల ముసలావిడ తన మనవరాలి ఫొటోలు చూపిస్తుంటే ఇద్దరూ భాష రాకుండానే చాలాసేపు కూర్చున్నారు. ఆ తర్వాత మా బంధువుల్లో ఎవరేమన్నా అమ్మే జవాబు చెప్పింది.

చాలా పబ్బుల్లో వంటగది రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, ఆదివారమైతే ఇంకా ముందే. శుక్రవారం ఆకలితో వెళ్తావు కాబట్టి మొదటి రౌండప్పుడే తిండి కూడా చెప్పెయ్యి.