పోర్ట్ బ్లెయిర్ పోస్టింగ్ వస్తే పిల్లలతో వెళ్లాలా, నల్గొండలోనే ఉండాలా?

భర్తకు నేవీలో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు పేరు శ్రీ విజయపురం) పోస్టింగ్ వచ్చింది, ఇద్దరు చిన్నపిల్లలున్నారు, వెంట వెళ్లాలా లేక నల్గొండలో అమ్మగారింట్లో ఉండిపోవాలా అని అడిగారు. 2016లో నేనూ ఇదే అడిగాను. ఇంట్లో ఒక్కరు కూడా వెళ్లమనలేదు. వెళ్లాను, మూడేళ్లున్నాను. మీరూ వెళ్లండి.

మాది దేవరకొండ, అత్తగారిది కల్వకుర్తి దగ్గర పల్లె. అండమాన్ అనగానే మా అమ్మకు గుర్తొచ్చింది 2004 డిసెంబరు 26 సునామీ. కార్ నికోబార్ దీవిలో ఎయిర్‌ఫోర్స్ కుటుంబాలు కొట్టుకుపోయిన సంగతి టీవీలో చూసిన మనిషి, ఆమె భయపడటంలో తప్పులేదు. నేను మాత్రం ఆ మూడేళ్లూ ఏడ్చింది తేమతో. మేలో పట్టిన వాన నవంబరు దాటినా వదలదు. చెప్పులకు, బెల్టులకు, చివరికి మా పెళ్లి ఆల్బమ్‌కు కూడా బూజు. అందుకే మా క్వార్టర్లలో చాలా ఇళ్లల్లో బీరువాలో ఒక బల్బు వేలాడేది. ఎల్ఈడీ పనికిరాదు, వేడెక్కే పాత గుండు బల్బే కావాలి.

రెండో ఏడు జూలైలో అత్తమ్మ వచ్చింది. వచ్చిన రోజు నుంచి బాల్కనీలో కూర్చుని వాన చూసి తిట్టడమే పని. "గీ వానంత సముద్రంల వడి ఏం ఫాయిదా? మా చెలకల వడితే కందులన్న పండు" అనేది. పాలమూరు మనిషికి కడుపు మండదా మరి! మన దగ్గర ఏడాదంతా పడేదానికి నాలుగైదు రెట్లు అక్కడ కురుస్తుంది.

నాలుగో రోజు ఊరికే కూర్చోలేక చల్ల మిరపకాయలు పెడతానంది. వద్దు అత్తమ్మా, ఎండదు అన్నాను. వింటుందా? రెండు కిలోల మిరపకాయలకు గాట్లు పెట్టి ఉప్పు చల్లలో నానబెట్టింది. పొద్దున మేడమీద చీర పరిచి ఆరబోసింది. పావుగంటకు వాన. పై ఇంటి మలయాళీ ఆవిడ, కింది పంజాబీ ఆవిడ, నేను చీర నాలుగు కొసలు పట్టుకుని దిగాం. గంటకు ఎండ, మళ్లీ మేడ. మళ్లీ వాన. ఆ రోజు ఐదుసార్లు ఎక్కిదిగాం. మూడో రోజుకు కాయలు జిగురు పట్టి వాసన మొదలైంది.

ఆ రాత్రి అత్తమ్మ ఎవరికీ చెప్పకుండా వాటిని పళ్లెంలో పోసి, బీరువాలో బల్బు కింద పెట్టి తలుపేసింది. పైన మా ఆయన తెల్ల యూనిఫాం వేలాడుతోంది, మర్నాడు పొద్దున్నే పరేడ్. పొద్దున ఆదరాబాదరాగా వేసుకుని పోయారు. వరుసలో నిలబడ్డాక ముందు ఈయన తుమ్మారట, తర్వాత పక్కాయన, తర్వాత వెనకాయన. ఏంట్రా ఈ వాసన అని అందరూ ముక్కులు ఎగబీలుస్తున్నారట. మధ్యాహ్నం ఎర్రటి కళ్లతో ఇంటికొచ్చి బీరువా తలుపు తీసి నిలబడిపోయారు. అత్తమ్మ వెనక నుంచి తొంగిచూసి, "ఎండినయా బిడ్డా?" అంది.

ఎండాయి. సగం పంజాబీ ఆవిడే పట్టుకెళ్లింది.

భాష గురించి టెన్షన్ పడకండి. హిందీతో రోజు గడిచిపోతుంది, తెలుగువాళ్లూ బోలెడంతమంది. జంగ్లీఘాట్ చేపల బజారులో శ్రీకాకుళం తెలుగు వినిపిస్తుంది. అత్తమ్మ మాట చేపలావిడకు, ఆవిడ మాట అత్తమ్మకు అర్థంకాక చివరికి ఇద్దరూ హిందీలో బేరమాడుకున్నారు.

ప్రశ్నకు సంబంధం లేకపోయినా ఒకటి చెప్పాలి. పోస్టింగ్ సంగతి చుట్టాలకు చెప్పకండి. గవర్నమెంటు ఉద్యోగులకు అండమాన్‌కి విమానంలో ఎల్‌టీసీ, అంటే సర్కారు ఖర్చుతో సెలవు ప్రయాణం, ఉందని మా వాళ్లలో ఒకరికి తెలిసింది, అంతే, వరసగా దిగారు. సెల్యులార్ జైలు నేను తొమ్మిదిసార్లు చూశాను. సౌండ్ అండ్ లైట్ షోలో నిద్రపోవడం కూడా అలవాటైంది.

వానలు అంత కురిసినా మార్చి, ఏప్రిల్లో నీళ్లకు కటకటే. ధనిఖరి డ్యామ్‌లో మట్టం తగ్గితే ఊళ్లో నీళ్లు రోజులు లెక్కపెట్టి వదులుతారు. మిగతావాళ్లు కంగారుపడుతుంటే నేను రెండు డ్రమ్ములు నింపుకుని హాయిగా ఉన్నాను. బిందెల లెక్క మనకు ఒకరు నేర్పాలా? ఇంకా, జూన్‌లో కూడా ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, పిల్లల ఆటలు నాలుగింటికే మొదలుపెట్టించండి. మా రోజుల్లో నెట్ సరిగ్గా ఉండేది కాదు, అమ్మ ముఖం ఫోన్‌లో గళ్లు గళ్లుగా కనిపించేది. చెన్నై నుంచి సముద్రం కింద వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది, మేం వచ్చేసిన ఏడాదికి. మన అదృష్టం అలా ఉంటుంది.

విడిగా ఉంటే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండు ఇళ్ల ఖర్చు, అలకలు, ఫోన్లో కొట్లాటలు. డిఫెన్స్ ఇళ్లల్లో గొడవలన్నీ ఇక్కడే పుడతాయి, నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

వెళ్లేటప్పుడు జొన్నపిండి ఎక్కువ తీసుకెళ్లకండి, నెలకే పురుగు పడుతుంది. చల్ల మిరపకాయలు మాత్రం ఇక్కడే ఎండబెట్టి పట్టుకెళ్లండి. గుండు బల్బులు దొరికితే నాలుగు కొనండి.